నా సాకెట్‌కు ఇంకా ఆయుష్షుంది

నేనొక మదర్‌బోర్డుని. చిప్‌సెట్ బీ450, సాకెట్ ఏఎం4. మా తరం 2018 జులైలో బజారుకొచ్చింది. ఏ ఫ్యాక్టరీలో ఎన్ని పొరల రాగి పరిచి నన్ను చేశారన్నది పెద్దగా చెప్పుకోదగ్గ ముచ్చట కాదు. నా నడుమనున్న చదరపు సాకెట్ గురించి మాత్రం ఎంత చెప్పుకున్నా నాకు తనివి తీరదు. అందులో 1331 రంధ్రాలున్నాయి. ప్రాసెసర్ అడుగున అన్నే పిన్నులుంటాయి. మూల గుర్తు చూసి వదిలితే, నొక్కకుండానే దానంతటది దిగి కూర్చుంటుంది. పక్కనున్న కడ్డీ కిందికి దించితే పట్టు బిగుస్తుంది.

2017లో మొదటి రైజెన్ దిగింది ఈ సాకెట్‌లోకే. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ దిగేదీ ఇందులోకే. ప్రాసెసర్ల తరాలు మారాయి గానీ వాటికిచ్చిన చోటు మారలేదు. ఇంటెల్ వైపున్న మా తోటివాళ్లకు ఈ భాగ్యం దక్కలేదు. 2017లో అక్కడ ఎనిమిదో తరం ప్రాసెసర్లు వచ్చినప్పుడు సాకెట్ పేరు పాత 1151 పేరే, అయినా పాత బోర్డుల్లో అవి నడవలేదు.

నన్ను కొన్నది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్లోని ఒక దుకాణంలో. హనుమకొండ నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. కొడుకు ఇంజినీరింగ్‌లో అప్పుడే చేరాడు.

"అన్నా, పైసలు ప్రాసెసర్ మీద పెడతం. బోర్డు ఏదున్నా నడుస్తది గదా?"

"నడుస్తది తమ్మీ."

నా మనసు చివుక్కుమంది. ప్రాసెసర్‌కు కరెంటు పెట్టేది నేను. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్ తట్టుకునే ఒక వోల్టు చిల్లరకు దించేది నా వీఆర్ఎం. అది సాకెట్ పక్కనే వరసగా ఉంటుంది. దాని మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉన్న బోర్డునీ లేని బోర్డునీ పక్కపక్కన పెడితే ఎవరికైనా తేడా కనబడుతుంది. మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ గాలే సెగలా తగిలే గదిలో, హీట్‌సింక్ లేని చవక బోర్డు మీద ఎనిమిది కోర్ల ప్రాసెసర్ పెట్టి గంటలకొద్దీ ఆడితే వీఆర్ఎం మాడిపోయేంత వేడెక్కుతుంది, ప్రాసెసర్ వేగం పడిపోతుంది. నాకు హీట్‌సింక్ ఉంది, ర్యామ్‌కు నాలుగు స్లాట్లున్నాయి. ఇవేవీ చూసి వాళ్లు నన్ను ఎంచుకోలేదు. ఆ రోజు ఆ ధరలో స్టాకున్నది నేనే.

రైజెన్ 5 2600 నా సాకెట్‌లోకి వచ్చింది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. మంచి ప్రాసెసర్, దాంతో నాకే పేచీ లేదు. పేచీ అంతా మావాడితోనే, అంటే ఆ కొడుకుతోనే.

ర్యామ్ అట్ట మీద 3200 అని రాసి ఉంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్ చేస్తేనే ఆ వేగం వస్తుంది. మావాడు ఆ గడప తొక్కనే లేదు. ర్యామ్ 2133 దగ్గరే ఆగిపోయింది. రైజెన్‌లో కోర్ల గుంపుల మధ్య సమాచారం మోసే దారి వేగం ర్యామ్ వేగాన్నే పట్టుకుని ఉంటుంది కాబట్టి, ప్రాసెసర్ కూడా దాంతోపాటే నష్టపోయింది. తర్వాత రెండో స్టిక్ తెచ్చి మొదటిదాని పక్కనే గుచ్చాడు. నడుమ ఒక స్లాటు వదలాలని నా పెట్టెలోని పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది. రెండు స్టిక్కులుండీ ఒక్క చానల్‌లోనే నడిపించాను. ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను. కేబినెట్ నేల మీదే ఉండేది. దుమ్ము నా మీద పేరుకుని బొంతలా పరుచుకుంది.

ఇదంతా జరుగుతున్న కాలంలోనే, 2020 మే నెలలో, రాబోయే జెన్ 3 తరం ప్రాసెసర్లు మా 400 శ్రేణి బోర్డుల మీద నడవవని రైజెన్ చేసే ఏఎండీ ప్రకటించింది. మా బయోస్ చిప్పుల్లో చాలావాటి సామర్థ్యం 16 మెగాబైట్లే, అన్ని తరాలకూ అందులో చోటు చాలదన్నది ఒక కారణం. మమ్మల్ని వాడేవాళ్లు ఊరుకోలేదు. ప్రపంచం నలుమూలల నుంచీ నిలదీశారు. ఆ నెల తిరక్కముందే కంపెనీ మాట మార్చుకుంది. మా కోసం అంతమంది కొట్లాడారని తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. నన్ను వాడుకున్నవాడికి మాత్రం ఆ సంగతే తెలియదు.

కొన్నాళ్లకు మావాడు 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాడు, పెద్ద గ్రాఫిక్స్ కార్డు తెచ్చి నాకు తగిలించాడు. వాలరెంట్ ఆడుతుంటే స్క్రీన్ మూలన అంకెలు కనబడేవి. గ్రాఫిక్స్ కార్డు 60 శాతం దగ్గరే కొట్టుమిట్టాడేది, ఫ్రేములు ఉన్నట్టుండి తెగి పడేవి. కార్డు ఖాళీగా ఉండి ఫ్రేములు రావడం లేదంటే ప్రాసెసర్ అందించలేకపోతోందని అర్థం. 4కేలో ఆడేవాళ్లకైతే భారమంతా కార్డు మీదే పడుతుంది, ప్రాసెసర్ మార్చినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మావాడిది 1080పీ. ప్రాసెసర్ మార్చాల్సిన సమయమే అది.

మార్చాల్సింది ప్రాసెసర్ ఒక్కటే. ఆ జెన్ 3 తరంలోని రైజెన్ 5 5600 తీసుకుంటే సరిపోయేది. దానికీ ఆరే కోర్లు, పన్నెండే థ్రెడ్లు, అదే 65 వాట్లు. కానీ 2600లో కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులు, ఒక్కో గుంపుకు 8 మెగాబైట్ల ఎల్3 క్యాష్. 5600లో ఆరు కోర్లూ ఒకే గుంపు, అందరికీ కలిపి 32 మెగాబైట్లు. గేమ్‌కు కావాల్సిన సమాచారం చేతికందే దూరంలో ఉంటుంది, ర్యామ్ దాకా పరిగెత్తే పని తగ్గుతుంది. 5800ఎక్స్3డీలో క్యాష్ మీద క్యాష్ పేర్చి 96 మెగాబైట్లు చేసింది అందుకే. కోర్లు లెక్కపెట్టి ప్రాసెసర్ కొనేవాళ్లు ఈ తేడా చూడరు.

మావాడు మళ్లీ దుకాణానికి వెళ్లాడు. "బోర్డు పాతదైపోయింది తమ్మీ, సెట్టు మొత్తం మార్చాలె" అన్నారట. ఏఎం5 బోర్డు తెచ్చుకున్నాడు. ఆ సాకెట్ మీద నాకు ఈర్ష్య లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది మంచి దారే, 2027 దాకా, ఆపైన కూడా దానికి ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ మాటిచ్చింది. కానీ అది డీడీఆర్5 ర్యామ్ తప్ప పట్టదు. బోర్డుతోపాటు ఉన్న ర్యామూ వృథా అయింది. ఆ డబ్బులో కొంత పెడితే నా మీదే అతని గేమ్ పరుగులు తీసేది.

నన్ను విప్పిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కంప్యూటర్‌ను కాసేపు నడిపించి, థర్మల్ పేస్టు మెత్తబడ్డాక, కూలర్‌ను అటూఇటూ తిప్పుతూ తీయాలి. మావాడు చల్లగా ఉన్నప్పుడే నిలువుగా లాగాడు. ఎండిన పేస్టు వదల్లేదు. నా కడ్డీ బిగించి ఉండగానే ప్రాసెసర్ కూలర్‌తోపాటు ఊడి పైకి లేచింది. అంచున ఒక వరస పిన్నులు వంగిపోయాయి.

తర్వాత నన్ను న్యూస్‌పేపర్లో చుట్టి అటక మీద పడేశారు. రెండు వానాకాలాలు చెమ్మ పీల్చాను. బయోస్ సెట్టింగులనూ గడియారాన్నీ కాపాడే సీఆర్2032 బటన్ సెల్ అక్కడే అయిపోయింది. నాకు కాలం తెలియకుండా పోయింది. చివరికి పాత ఇనుము కొనేవాళ్ల బండెక్కాను. అక్కడి నుంచి మా జాతిలో చాలామంది యాసిడ్ తొట్లలోకి పోతారు, పిసరంత బంగారం కోసం, కాస్త రాగి కోసం. ఆ పొగ పీల్చే కూలీల బతుకు నా బతుకు కన్నా దయనీయం. నన్ను మాత్రం ఒక రిపేరు షాపాయన ఏరుకున్నాడు. బ్రష్షుతో దుమ్ము దులిపి, కొత్త సెల్ వేసి, అరలో నిలబెట్టాడు.

మొన్న ఒకమ్మాయి వచ్చింది. నన్ను చేతిలోకి తీసుకుని, ఫోన్ టార్చి వేసి సాకెట్ రంధ్రాలు పరీక్షగా చూసింది. వీఆర్ఎం హీట్‌సింక్ మీద వేలు పెట్టి చూసింది. "అన్నా, దీని బయోస్ ఏ వెర్షన్ మీదుంది?"

ఆయనకు తెలియదు. ఒక పాత ప్రాసెసర్ పెట్టి, అట్టపెట్టె మీదే నన్ను ఆన్ చేశాడు. మొదటి స్క్రీన్ మీద బయోస్ పక్కన 2018 నాటి తేదీ కనబడింది.

"5600 పెడదామనుకుంటున్న. ముందు ఈ పాత ప్రాసెసర్ మీదనే అప్‌డేట్ చేసి ఇయ్యన్నా. యూపీఎస్ మీద పెట్టి చెయ్యి, నడుమల కరెంటు పోతే బోర్డే పోతది."

"చేసిస్త చెల్లె."

"వెనక ఐఓ షీల్డ్ ఏది?"

అది మావాడి పాత కేబినెట్లోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి దానికి రెండొందలు తగ్గించమంది. ఆయన నూట యాభై దగ్గర ఒప్పుకున్నాడు.