ఇంటిపన్ను ఎగవేత ప్రకాశిక

హైదరాబాదులో అద్దె, బెంగళూరులో మెయింటెనెన్సు కట్టి కట్టి విసిగిపోయి, "ఊర్లో తాతల నాటి మిద్దె ఉండనే ఉంది, పోయి అక్కడ పడుంటే ఖర్చేముంది?" అనుకునేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. పత్తికొండ వైపో, కోవెలకుంట్ల వైపో, పులివెందుల వైపో తిరుగు బస్సు ఎక్కబోయే అలాంటివాళ్ల కోసమే ఈ సలహాలు. కర్నూలు, కడప పల్లెల్లో చవగ్గా బతకడానికి రచ్చకట్టల మీద తరతరాలుగా పాటిస్తున్న పద్ధతులివి. పనిచేశాయా అని మాత్రం అడగొద్దు. పనిచేయని పద్ధతిని కూడా తరతరాలు పాటించడంలోనే నిష్ఠ తెలుస్తుంది.

మొదటి పని, పంచాయతీ రిజిస్టరులో మీ ఇల్లు ఏమని రాసుందో చూసుకోండి. చూసి, కదిలించకండి. తాత పేరు మీద "బోద కొట్టం" అని ఉంటుంది. మీ నాయన దాన్ని మట్టిమిద్దె చేశాడు. మీ అన్న దాన్ని కూలగొట్టి స్లాబు వేశాడు. కింద బేతంచెర్ల బండలు, పైన వెయ్యి లీటర్ల ట్యాంకు, ముందర గ్రానైటు అరుగు. రిజిస్టరులో మాత్రం ఇప్పటికీ వానకు కారే బోద కొట్టమే. దాని మీద పన్ను కూడా కొట్టానికి తగ్గట్టే ఉంటుంది. పంచాయతీ సెక్రటరీ కొత్తగా వచ్చి కొలతల టేపు తీస్తే, టీ తెప్పించి ఆయన ఊరు, ఆయన బదిలీ గురించి మాట్లాడండి. టేపు చల్లబడేలోపు పొద్దుగూకుతుంది.

దీనివల్ల చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. పై అంతస్తు వేద్దామని బ్యాంకుకు పోతే, కొట్టం మీద అంతస్తు ఎట్లా నిలుస్తుందని మేనేజరు అడుగుతాడు. ఏ వరదో వచ్చినప్పుడు ఇంకొంచెం ఇబ్బంది. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊర్లోకి వచ్చిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. అలాంటప్పుడు పరిహారం పక్కా ఇంటికి ఒక లెక్క, కచ్చా ఇంటికి ఒక లెక్క. ఏళ్ల తరబడి మీ ఇల్లు కచ్చా అని మీరే ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటే, ఆ రోజు పక్కా అని వాదించడానికి చాలా గొంతు కావాలి. అయినా వరదలు రోజూ వస్తాయా? కరువు సీమ మనది.

ఇక పాత రసీదుల గురించి. ఇంటిపన్ను ఎగ్గొట్టాలి గానీ, కట్టిన నాలుగు రసీదులను మాత్రం ట్రంకుపెట్టెలో అడుగున, పెళ్లిచీర కింద దాచాలి. ఎందుకంటే మీ ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల స్థలంలో ఉంది. దానికి పట్టా లేదు, రిజిస్ట్రేషన్ దస్తావేజు లేదు. తాత కట్టుకున్నాడు, మీరు ఉంటున్నారు, అంతే. కాబట్టి రసీదే పట్టా అని ఊరంతా నమ్ముతుంది, మీరూ నమ్మండి. అన్నదమ్ముల గొడవ కోర్టుకెక్కినప్పుడు, పన్ను రసీదు హక్కుపత్రం కాదని లాయరు చల్లగా చెబుతాడు. ఆ ఇంట్లో మీరు ఉంటున్నారనడానికి అదొక ఆధారం, అంతవరకే. పైగా మీరు దాచిన నాలుగూ నాలుగు వేర్వేరు దశాబ్దాలవి. మధ్యలో మీరు కట్టని ఏళ్ల రసీదులు తమ్ముడి దగ్గర ఉంటాయి. ఎందుకంటే ఆ ఏళ్లలో కట్టింది వాడు. ఈ పట్టా చిక్కు తీర్చడానికే 2020లో కేంద్రం స్వామిత్వ అని పథకం తెచ్చి, గ్రామకంఠాల మీద డ్రోన్లు ఎగరేసి ఇళ్లకు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. డ్రోన్ వచ్చిన రోజు మీరు ఊర్లో లేకుండా చూసుకోండి. ఉంటే హద్దులు చెప్పాల్సి వస్తుంది.

పొలమో స్థలమో కొనేటప్పుడు అసలు ధరకు రిజిస్టరు చేయించేవాణ్ణి ఊర్లో అమాయకుడిగా లెక్కగడతారు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి నూటికి ఏడున్నర. అందుకే సర్కారు విలువకే రాయించి, మిగతాది సంచిలో చేతులు మార్చడం సంప్రదాయం. ఆ ట్రాన్స్‌ఫర్ డ్యూటీలో మీ పంచాయతీకి చేరాల్సిన వాటా ఉందని ఎవరన్నా గుర్తుచేస్తే, వాళ్లను ఏ పార్టీవాళ్లని అడగండి. మాట అక్కడితో ఆగిపోతుంది. కొన్నేళ్లకు కోడికొండ–ముప్పవరం రోడ్డు లాంటిది మీ పొలంలోంచి పోతుంది. భూసేకరణ అధికారి చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ ధరలు తీసి, సగటు కట్టి, ఇదీ మీ ఎకరం విలువ అంటాడు. ఆ ధరలన్నీ మీవీ, మీ పక్కవాళ్లవీ, అందరూ కలిసి తగ్గించి రాయించినవి. అప్పుడు ఊరు ఊరంతా టెంటు వేసుకుని, "మార్కెట్ రేటు వేరే ఉంది సార్" అని ధర్నా చేయాలి. ఆ టెంటు అద్దె మీద పంచాయతీకి పన్ను లేదు, అదొక్కటే లాభం.

బిల్ కలెక్టరు ఎప్పుడొస్తాడు? ఆర్థిక సంవత్సరం ముగిసే ముందు, జనవరి నుంచి మార్చి దాకా. మరి ఆ నెలల్లో కోసిగి, మంత్రాలయం, ఆదోని, పత్తికొండ పల్లెలు ఎక్కడుంటాయి? గుంటూరులో. మిరపకాయ కోతకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయుంటాయి. వీధులకు వీధులు తాళాలు. ముసలివాళ్లు, బడికి పోయే ఒకరిద్దరు పిల్లలు తప్ప ఎవరూ దొరకరు. "ఏమవ్వా, మీవాళ్లు యాడికి పోయినారు?" అని అడిగితే, "సుగ్గికి పోయినారు నాయనా, ఉగాదికి వస్తారు" అంటుంది అవ్వ. ఇందులో ఎగవేత ఏమీ లేదు. కడుపు చేతపట్టుకుని పోయినవాళ్లు. దీన్ని చిట్కాగా వాడుకునేవాళ్లు వేరే ఉన్నారు. మార్చి నెలలో ఇంట్లోనే టీవీ చూస్తూ, బయట తాళం వేయించుకుని, పెరటి తలుపు గుండా తిరిగేవాళ్లు. పాత కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు ఈ సౌకర్యం ఇంకా పెద్దది. మూడంతస్తుల ఇల్లుంటుంది, దాని యజమాని నిజంగానే కువైట్‌లో ఉంటాడు. అయితే ఇప్పుడు స్వర్ణ పంచాయతీ పోర్టల్ వచ్చి, కువైట్ నుంచే ఫోన్లో కట్టే దారి తెరుచుకుంది. "ఇక్కడ నెట్ రాదన్నా" అనడం మరిచిపోకండి. కువైట్‌లో నెట్ రాదంటే నమ్మేవాళ్లు మీ ఊర్లో ఇంకా ఒకరిద్దరు ఉంటారు.

వీరత్వం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు చరిత్ర తోడుంది. కోవెలకుంట్ల ఖజానా మీద 1846లో పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు చెప్పి, "మా సీమోళ్లు పన్ను కట్టేరకం కాదు" అని మీసం తిప్పొచ్చు. ఆయనకు ఈస్టిండియా కంపెనీ ఇచ్చిన పింఛను నెలకు పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. ఆయన వెనక, మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి సేవకులు (ఊరి కాపలాదారులు) వేలమంది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలోనే ఆయన్ను ఉరి తీశారు. మీ ముందున్న బిల్ కలెక్టరు మాత్రం కంపెనీ తాసిల్దారు కాదు. మీతో ఐదో తరగతి చదివిన వాడి కొడుకు. చేతిలో తుపాకీ లేదు, ఒక బిల్లుబుక్కుంది. వాడి జీతం కూడా మీలాంటివాళ్లు కడితేనే వస్తుంది. అయినా మీసం తిప్పండి, వాడికి అలవాటే.

వీరత్వం వద్దనుకుంటే భక్తి ఉంది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదిలేశాక థామస్ మన్రో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరయ్యాడు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది, అది వేరే కథ. మంత్రాలయం మఠం మాన్యం విషయంలో మన్రో విచారణకు పోతే, ఎప్పుడో సమాధిలోకి వెళ్లిన రాఘవేంద్రస్వామి ఆయనకు ఒక్కడికే కనిపించి మాట్లాడారనీ, మాన్యం నిలబడిందనీ భక్తులు చెప్పుకుంటారు. కాబట్టి నోటీసు వచ్చినప్పుడు మీరూ గురువారం ఉపవాసం పట్టండి. కాకపోతే మన్రో కథలో భక్తులు ఎక్కువగా చెప్పని సగం ఒకటుంది. శిస్తు బరువు ఎక్కువైందని, నూటికి ఇరవై ఐదు తగ్గించమని 1807లో ఆయనే పైకి రాశాడు. పొలం పొలం కొలిపించి, ఎవరి దగ్గర ఎంతుందో లెక్క దగ్గర పెట్టుకున్నాక రాసిన మాట అది. తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయాడు. ఈ ప్రాంతంలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటారు. పన్ను వసూలు చేసినవాడి పేరు బిడ్డకు పెట్టుకోవడం మన రచ్చకట్ట సిద్ధాంతాలన్నిటికీ విరుద్ధం. అందుకే ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మీ పల్లె పెరిగి పట్టణంలో కలిసిపోతే, కల్లూరు కర్నూలు కార్పొరేషన్‌లో కలిసినట్టు, చిట్కాలు మార్చాలి. అక్కడ 2021 ఏప్రిల్ నుంచి ఇంటిపన్ను ఆస్తి విలువ మీద కడుతున్నారు, ఏడాదికి నూటికి పదిహేను మించి పెరగకుండా. కట్టకపోతే నెలకు రెండు శాతం వడ్డీ. అంటే ఊర్లో చీటీల వెంకన్న దగ్గర తీసుకునే రెండు రూపాయల వడ్డీ, అచ్చంగా అదే. కానీ వెంకన్న ఇంటిముందు కూర్చుంటాడు, కార్పొరేషన్ కూర్చోదు. పైగా ఏదో ఒక మార్చిలో వడ్డీ మాఫీ వస్తుంది. 2025 మార్చిలో సగం వడ్డీ తగ్గించారు కూడా. కాబట్టి ఆగండి. ఏప్రిల్‌లోనే కట్టినవాడికి ఐదు శాతం రాయితీ వచ్చింది, ఆగినవాడికి సగం వడ్డీ మిగిలింది. ఎవరికి లాభమో లెక్క వేయకండి. లెక్క వేస్తే ఆగడం కష్టమవుతుంది.

పన్ను కట్టకుండా మిగిలిన డబ్బు ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి. మీ పల్లె ఇంటిపన్ను ఏడాదికి ఆరువందలనుకుందాం. దాని మీద గ్రంథాలయ పన్ను రూపాయికి ఎనిమిది పైసలు, అంటే నలభై ఎనిమిది. ఊర్లో గ్రంథాలయం ఎక్కడుందని ఈ నలభై ఎనిమిది మీదే ఎక్కువ గొడవ చేయండి, ఆరువందల సంగతి మరుగున పడుతుంది. ఆ డబ్బు కట్టలేదు గనుక పంచాయతీ బోరు మోటారు కాలితే బాగుచేయడం ఆలస్యమవుతుంది. అప్పుడు ఫిల్టరు నీళ్ల క్యాను. రోజుకు పది రూపాయలనుకున్నా ఏడాదికి 3,650. ప్లాంటువాడు ఎప్పుడూ నోటీసు ఇవ్వడు, రసీదూ ఇవ్వడు, మీరూ అడగరు. వాడితో గొడవ పడినవాణ్ణి ఎవరూ చూడలేదు. ఇంకొంచెం స్వతంత్రంగా బతకాలనుకుంటే సొంత బోరు వేయించండి. ఎనిమిదొందల అడుగులకు తడి తగిలితే అదృష్టం. తగలకపోతే పక్కన ఇంకో పాయింటు. వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలని 2002 నుంచీ ఉంది, టెంకాయ పట్టి నీళ్లు చూసేవాడికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. మూడు ఎండు బోర్లకు పెట్టిన డబ్బు మీ ఇంటిపన్ను కింద కడితే మీ మనవడి మనవడి దాకా సరిపోతుంది. కానీ ఎండు బోరు మనది, పన్ను పంచాయతీది.

నీటికి డబ్బులియ్యమని మొరాయించడం మనకు కొత్త కూడా కాదు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు–కడప కాలువ తవ్వించి, నీళ్లు కొంటారని కూర్చుంది. నల్లరేగడిలో తడి లేకుండానే జొన్న పండుతుంటే కాలువ నీళ్లెందుకని రైతులు అటు చూడలేదు. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనాల్సి వచ్చింది. ఇప్పుడు అదే కాలువకు ఎప్పుడు నీళ్లు వదులుతారని ఏటా రైతులు రోడ్డెక్కుతున్నారు.

పన్ను కట్టడానికి డబ్బే కావాలంటే జొన్నగిరికి పోండి. తొలకరి వాన పడగానే తుగ్గలి, మద్దికెర వైపు చేలల్లో జనం నేల చూస్తూ తిరుగుతారు, వజ్రం దొరుకుతుందని. అప్పుడప్పుడూ దొరుకుతుంది కూడా. దొరికితే పాత పన్నులన్నీ ఒక్కసారే కట్టేస్తానని మొక్కుకోండి. మొక్కు తీర్చాల్సిన అవసరం సాధారణంగా రాదు.

అన్నిటికంటే గట్టి చిట్కా చివరికి మిగిలింది. పంచాయతీ ఎన్నికలొచ్చే దాకా కట్టకండి. చట్టం ప్రకారం, నోటీసు అందుకుని కిందటేడు దాకా పంచాయతీకి బాకీ ఉన్నవాడు పోటీకి పనికిరాడు. అందుకే నామినేషన్ల వారంలో సచివాలయం ముందు మోటారు సైకిళ్లు నిండిపోతాయి. ఏళ్ల బాకీ ఒక్క పూటలో, బలపరిచేవాళ్ల బాకీలతో సహా వసూలవుతుంది. ఆ వారంలో "రసీదు తొందరగా రాయప్పా, టైమైపోతాంది" అని కేకలేసేది మీరు. ఇన్నేళ్లూ మీ గడప దగ్గర నిలబడినవాడు ఆ పూట కుర్చీలో కూర్చుని, కార్బన్ కాగితం సరిచేసుకుంటూ నిదానంగా రాస్తాడు.

గెలిస్తే సర్పంచి మీరే. వీధి దీపాల కరెంటు బాకీ చూపిస్తారు. 2021లో ఆర్థిక సంఘం డబ్బులు ఆ కరెంటు బాకీలకే సర్దేశారని పాత సర్పంచులు ఎంత గోల చేశారో కూడా చెబుతారు. మోటారు కాలింది, బాగుచేయించాలి. ఖాతాలో ఏముందని అడిగితే, సెక్రటరీ డిమాండు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెడతాడు. అందులో మూడో పేజీలో మీ పక్కింటి బోద కొట్టం ఉంటుంది, పైన రెండంతస్తులు, ముందర గ్రానైటు. లేచి పోయి తలుపు తట్టండి. లోపల టీవీ మోగుతుంటుంది, బయట తాళం వేసుంటుంది. పెరటి దారి మీకు తెలుసు గదా.