ఉష్ణోదక సంజీవని

మూలము లేక వ్యాఖ్య పుట్టదనుట పండితలోకమున నిర్వివాదము. మెదకుసీమలోని కొల్చారమును కోలాచలమను ఇంటిపేరుగా లోకమునకు తెలియజేసి, కాళిదాసకావ్యములకు సంజీవనీ వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱకు రానిది పలుకననియు ప్రతినపట్టి, తన తరువాతి వ్యాఖ్యాతలందఱి కాళ్లకును సంకెలలు తగిలించి పోయెను. ఆ నియమమును చేతనైనంత పాటింపదలచి, పాత్రలు కడుగు యంత్రము, అనగా నేడు నల్లగొండలోను పాలమూరులోను పసిపిల్లలు సహితము డిష్‌వాషర్ అని పలుకుచున్న వస్తువు, నీటిని కాచుట మానుకొన్నప్పుడు ఏమి చేయవలెనో పూర్వకవి యెవ్వడైన చెప్పియుండునా యని వెదకితిని. తెలంగాణమున కవులు లేరన్న నిందను బాపుటకై సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు గాని, వారిలో నొక్కరికైనను ఈ యంత్రముతో పనిపడిన జాడ కానరాదు. కనుక మూలమును గూడ నేనే కల్పించుకొనవలసి వచ్చినది. ఇందొక సౌకర్యము లేకపోలేదు: 'నా హృదయమిది కాద'ని కవి వచ్చి వ్యాఖ్యాత నెదిరింపడు, ఎదిరించినను అద్దములో నుండియే యెదిరింపవలెను.

ఈ యంత్రమును చక్కగ పనికివచ్చునట్లు తొలుత రూపుదిద్దినది అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున షెల్బీవిల్ పట్టణమునకు చెందిన జోసఫీన్ కాక్రేన్ అను గృహిణి. పరిచారకులు కడుగునప్పుడు తన పింగాణి పళ్లెముల అంచులు పెట్లిపోవుచున్నవని నొచ్చుకొని, రాగిబాన యొక్క గర్భమున తీగల అరలలో పళ్లెములను నిలిపి వేడి సబ్బునీటిని చిమ్మెడి సాధనమును నిర్మించి, 1886 డిసెంబరు 28వ తేదీన పేటెంటు పొంది, 1893 నాటి షికాగో ప్రదర్శనలో దానిని లోకమునకు చూపినది. మన యెగువసీమకు అది మిక్కిలి ఆలస్యముగ, పరదేశమున కొలువుచేయు కొడుకో కూతురో తల్లిచేతులకు విశ్రాంతి గలుగవలెనని పంపిన సొమ్ముతో వచ్చినది. వచ్చి, వంటింటిలోని ఇత్తడిగంజును, అడుగంటిన సర్వను, యాటకూర వండిన కడాయిని చూచి కొంత కలవరపడినది.

మూలము

నీరు కాగదు యంత్రాన నేయి విడదు
కాచు తీగకు నుప్పంటి కరుడు గట్టె
బోరునీటిని నింపిన పుణ్యఫలము
తోముకొనవమ్మ చేతితో దొడ్డ గిన్నె

టీక

యంత్రానన్ = పాత్రలు కడుగు మరయందు; నీరు = అడుగుగుంటలో చేరిన జలము; కాగదు = వేడెక్కదు; నేయి = పాత్రల కంటిన ఘృతము (ఉపలక్షణముచే నూనెయు, కూరమీది కొవ్వును గ్రహింపవలెను); విడదు = ఊడిరాదు; కాచు తీగకున్ = లోకమున హీటరనియు కాయిలనియు పిలువబడు దానికి; ఉప్పు + అంటి = లవణము పట్టుకొని; కరుడు గట్టెన్ = గట్టిపడిపోయెను; బోరునీటిని = గొట్టపుబావి జలమును; నింపిన = పోసిన; పుణ్యఫలము = సుకృతపరిపాకము (విపరీతలక్షణచే పాపఫలమని యర్థము); అమ్మ = ఓ గృహిణీ; దొడ్డ గిన్నె = పెద్దపాత్రను; చేతితోన్ = స్వహస్తముతో; తోముకొనవు = తోముకొనుము.

తాత్పర్యము

అమ్మా, బోరునీటి యుప్పు పట్టి హీటరు పోయినది. యంత్రములో నీరు వేడెక్కుట లేదు, జిడ్డు వదలుట లేదు. బాగగువఱకు పెద్దగిన్నెను నీవే తోముకొనుము.

విశేషములు

'నీరు కాగద'నుట. ఈ రోగము చడీచప్పుడు లేనిది. దీపములు వెలుగును, నీరు సుడి తిరుగు ధ్వని యథాప్రకారము వినవచ్చును, చివఱకు పని ముగిసినదని యంత్రము కూతయు గూయును. తలుపు తెఱచినప్పుడు గదా మొగమునకు ఆవిరి తగులలేదని తెలియుట! సబ్బుపొడి తన డబ్బీలోనే తడిసి ముద్దయై కూర్చుండును. స్టీలుపళ్లెము అంచున తెల్లని పలుచని పొర యొకటి పేరుకొనియుండును. దానిపై వ్రేలితో గీచిన గీత గీచినట్లే నిలుచును. అది నేయి. అఱచేతి వెచ్చదనమునకే కరగు స్వభావము గలదైనను, చన్నీట బిగుసుకొని లోహమును వదలదు. సబ్బుపొడిలోని జీవరసములు పనిచేయుటకును వేడి కావలయును. ఆ వేడి యెంతయన, 25 డిగ్రీల నీటిని నాలుగు లీటర్లు తీసికొని 60 డిగ్రీలకు చేర్చుటకు 2,000 వాట్ల హీటరునకు ఇంచుమించు అయిదు నిమిషములు చాలును. మన పాతయిండ్లలో స్నానమునకు నీళ్లు కాచు రాగికాగు పొయ్యిమీద ఎంతసేపు కూర్చుండెడిదో యెఱిగినవారికి ఇది స్వల్పకాలము. కొన్ని యంత్రములు ఈ అయిదు నిమిషములకై గంటల తరబడి యెదురుచూచి అలసిపోవును. కొన్ని అంకెయు నక్షరమును గలిపిన సంకేతమొకటి చూపి మౌనము వహించును. ఆ సంకేతమునకు యంత్రముతో వచ్చిన పుస్తకమున వ్రాసిన వ్యాఖ్య, సేవాకేంద్రమునకు ఫోను చేయుడని. ఇంతకంటె క్లుప్తమైన వ్యాఖ్యను మల్లినాథుడును వ్రాసియుండడు.

ఇచ్చట పూర్వపక్షి లేచి, నీరు కాగనంత మాత్రమున తీగయే చెడెనని యెట్లు చెప్పవచ్చునని యడుగును. అతని ప్రశ్న సమంజసమైనది. నీటి వేడిని కొలిచి చెప్పు సెన్సరు అబద్ధమాడుచుండవచ్చును. వేడి పెరిగినకొలది దాని నిరోధము తగ్గవలెను, అది తప్పుడు లెక్క చెప్పినచో చన్నీటినే వేడినీరని భ్రమించి బోర్డు కాయిలునకు కరెంటు ఇయ్యదు. సెన్సరు సత్యసంధమే యైనను, బోర్డుమీది రిలే కాళ్లయొద్ద అతుకు మాడి నల్లబడి యుండవచ్చును. ఈ రెండును నిర్దోషములే యైనను, నీటి యురవడి చాలనప్పుడు కాయిలు వెలుగకుండ కాపాడు స్విచ్చు తన విధిని తాను నిర్వర్తించుచుండవచ్చును. ఈ మూడవ సందర్భమును గుఱించి, గీజర్లు బాగుచేయుటలో ఆఱితేరి ఈ కొత్తవిద్యను గూడ పట్టుకొన్న మెకానిక్కు చెప్పిన మాట శాస్త్రవాక్యముగ గ్రహింపదగినది: "ముందుగాల కింద జాలి తీసి చూడున్రి సార్. అండ్ల మెతుకులు ఇరుక్కున్నా నీళ్లు కాగయ్. సక్కగ కాయిల్ మీదికే ఎందుకు పోతున్రు?" తర్కశాస్త్రమున లాఘవమను గుణమును ఇంత లాఘవముగ చెప్పినవారిని నేనెఱుగను. తేలికయైన కారణము ఉండగా బరువైన కారణమును కల్పింపరాదు. జాలి కడుగుటకు కానీ ఖర్చు లేదు.

జాలి తేటగనే యున్నదనుకొందము. అప్పుడు ప్లగ్గును గోడనుండి పూర్తిగ ఊడబెఱికి, స్విచ్చు ఆర్పుటతో తృప్తిపడక, అడుగుపలక విప్పి, కాయిలు రెండు కొసలకును మల్టీమీటరు సూదులు ఆనించి చూడవలెను. 230 వోల్టులకు 2,000 వాట్లని వ్రాసియున్న కాయిలు సుమారు 26 ఓములు చూపినచో అది బ్రతికియున్నదనియు, అంకె యేదియు పలుకక మీటరు అనంతమును చూపినచో తీగ లోపల తెగినదనియు సిద్ధాంతము. ఒక కొసకును పైగొట్టపు లోహమునకును మధ్య నిరోధము మిక్కిలి తక్కువగ నున్నచో అది మఱియు ప్రమాదము. అట్టిదానిని తగిలించిన యింటిలో మీట పడిపోవుట వింత గాదు, పడకపోవుటయే భయము. కొన్ని కొత్తయంత్రములలో నీటిని త్రిప్పు మోటరును కాయిలును ఒకే కవచమున పుట్టించి వేర్వేఱుగ అమ్మకుండుట చేత, పోయిన భాగముతో పోని భాగమునకు గూడ వెల చెల్లింపవలసి వచ్చును. దీనిని సహగమనమనక మఱేమనవలెను?

'కాచు తీగకు నుప్పంటి'. ఇచ్చట నిశితబుద్ధులకు సందేహము గలుగక మానదు. కాచు తీగ నీటిని తాకనే తాకదు. అది ఉక్కుగొట్టము నడుమ, మెగ్నీషియం ఆక్సైడు పొడిలో కప్పబడి యుండును. ఉప్పు పట్టునది గొట్టమునకు. గంగలో పల్లె యున్నదనిన గంగయొడ్డున నున్నదని గ్రహించునట్లు ఇందును లక్షణావృత్తిచే గొట్టమనియే గ్రహింపవలెను. కవికి విద్యుచ్ఛాస్త్రము రాదనుట తొందరపాటు. యతికి 'కాచు' కావలసి వచ్చినది.

ఇంక ఉప్పు. పద్యమునకు ప్రాణమిచ్చటనే యున్నది. మనవారు ఉప్పు పట్టినదందురు గాని, గొట్టమును పొదివికొన్న ఆ తెల్లని పెంకు కూరలో వేయు ఉప్పు కాదు, సున్నపురాయి. నేల పొరలలో దిగునప్పుడు నీరు కాల్షియమును తనలో కరిగించుకొని బైకార్బనేటు రూపమున మోసికొని వచ్చును. వేడి తగిలిన తోడనే ఆ బంధము విడిపోయి, బొగ్గుపులుసు గాలి పైకెగిరిపోగా, కరగని కార్బనేటు అన్నిటికంటె వేడియైన చోటనే పట్టుకొనును. అన్నిటికంటె వేడియైన చోటు కాయిలే గదా! పెంకు దళసరియైనకొలది వేడి నీటిలోనికి పోలేక లోననే నిలిచి, నీటిని కాపవలసిన తీగ తన్ను తానే కాల్చుకొనును. ఈ విపత్తు రాకుండుటకై యంత్రము అడుగున, ఒక ప్రక్క మూతగల బిలమొకటి నిర్మింపబడినది. దానిలో సోడియము ధరించిన రెజిను గింజలుండును. అవి కాల్షియమును పట్టి సోడియమును విడిచి నీటిని మెత్తబఱచును. ఆ గింజలు అలసినప్పుడు మరల బలమిచ్చునది బిలములో పోయు ఉప్పు. ఇది మాత్రము నిజమైన ఉప్పే. ఇంటింటను పండుగవేళ యంత్రమునకు పసుపుకుంకుమలు పెట్టుదురు గాని, ఈ మూత విప్పి చూచువారు అరుదు. కావున ఉప్పు వేయకపోవుటచే ఉప్పు పట్టినదని తేలుచున్నది. విరోధాభాసాలంకారమునకు ఇంతకంటె చక్కని లక్ష్యమును ఆలంకారికులు చూపియుండరు.

ఇంతటితో నాగలేదు. పట్టిన పెంకును కరగించు మందు పేరును ఉప్పే: కిరాణాదుకాణములో దొరకు నిమ్మఉప్పు. ఖాళీ యంత్రములో దానిని వేసి, అతివేడి క్రమమున త్రిప్పినచో పెంకు మెల్లగ కరగిపోవును. రోగమునకు ఉప్పని పేరు, పథ్యము ఉప్పు, మందునకును ఉప్పని పేరు! అయితే ఈ మందు కాయిలు బ్రతికియున్నంతవఱకే పనిచేయును. తెగిన తీగ నిమ్మఉప్పుతో అతుకదు. పైగా నీరు కాగనప్పుడు అతివేడి క్రమమెక్కడిది? పులుపుతో పెంకును కరగించుట క్రొత్తగ కనుగొన్న రహస్యమును గాదు. మన ముత్తవ్వలు కాగు లోపల పేరుకొన్న తెల్లని పెంకును చింతపండు పులుసు పోసి రుద్ది వదిలించెడివారు. పులుపునకు సున్నము లొంగునని వారికి ఏ పుస్తకమును చెప్పలేదు.

నాలుగవ పాదమందలి 'దొడ్డ' శబ్దముచే దొడ్డుప్పును బిలమున వేయుమని కవి ధ్వనింపజేసెనని కొందఱందురు. అది నిలువదు. మెకానిక్కు వచనమే దానికి బాధకము: "దొడ్డుప్పు ఎయ్యకున్రి, అండ్ల మన్ను ఉంటది." మన్నేగాక మెగ్నీషియపు లవణములును దానిలో నుండును, అయొడైజుడు సన్నయుప్పులో గడ్డకట్టకుండ కలిపిన పొడులుండును. యంత్రమునకని వేఱుగ అమ్ము శుద్ధలవణమే శ్రేష్ఠము. ధ్వనివాదమునకు గూడ ఎక్కడో హద్దుండవలెను.

'బోరునీటిని'. బో-పు యతి, వర్గయతి గనుక లాక్షణికుడైన అప్పకవి అభ్యంతరము చెప్పడు. మనది నల్లరాతి నేల. బోరు ఎంత లోతునకు దిగినను రాతిపగుళ్లలో నిలిచిన నీరే దొరకును. ఆ నీట కందిపప్పు ఉడకదని కోడలికి అత్త చెప్పకమునుపే పప్పు చెప్పును. త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములలో నుండుట మేలనియు, వేఱు దారి లేనప్పుడు 600 వఱకు ఓర్చుకొనవచ్చుననియు భారతప్రమాణము ఐఎస్ 10500. మనిషి ఓర్చుకొనును, కాయిలు ఓర్వదు.

నల్లగొండ జిల్లాలో నీటిపై పరిహాసమునకొక మేర కలదు. మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములలో నేలనీటి ఫ్లోరైడు తరముల ఎముకలను వంచినది. పటికయు సున్నమును బ్లీచింగు పొడియు కలిపి ఆ విషమును అడుగునకు దించు పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ 1970వ దశకమున రూపొందించగా, దానికి నల్లగొండ టెక్నిక్ అనియే పేరు నిలిచినది. కాయిలును చంపు సున్నము అచ్చట మనుష్యునికి కాపుదల. ఫ్లోరైడు కాయిలును చెఱుపదు. నీటిని మరిగించినచో ఫ్లోరైడు పోవునను నమ్మకము కొన్నియిండ్ల నింకను గలదు. పోదు సరిగదా, ఆవిరి పోయినకొలది చిక్కబడును. 2016 ఆగస్టు 7న గజ్వేలు చెంత కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ తరువాత నల్లాలలో నదీజలము వచ్చుచున్నది. అది బోరునీటికంటె మెత్తన. కాని మేడమీది ట్యాంకులోనికి నల్లానీరు ప్రొద్దున, బోరునీరు సాయంత్రము చేరి సంగమించుటచే, యంత్రమునకు ఏనాడు ఏ తీర్థము దొరకునో చెప్పుట కష్టము. కాఠిన్యమును బట్టి యంత్రమున అమర్చవలసిన అంకెను అందుచేత కొంచెము ఎక్కువకే అమర్చుట క్షేమము.

'తోముకొనవమ్మ'. పాఠాంతరము కలదు. మా యింటి ప్రతిలో ఈ పదము పెన్సిలుతో దిద్దబడి 'తోముకొనవయ్య' అని యున్నది. దిద్దిన హస్తము ఎవరిదో వ్యాఖ్యాత యెఱుగును. 'అమ్మ' యనుటయే సంప్రదాయమని మూలకర్త పక్షమున కొంత వాదించి చూచితిని. కొత్త హీటరు నగరమునుండి వచ్చువఱకు ఏ పాఠము ప్రమాణమో నిర్ణయింపవలసి వచ్చినది. నలగణమైనను సలగణమైనను ఇంద్రగణమే గదా యని లెక్కించి చూడగా, రెండు పాఠములును సలమునకే ఒదిగినవి. ఛందస్సు రెండింటికిని సమ్మతించినది, ఇల్లాలు ఒక్కదానికే.