‘సెట్ అయితదన్నా’ అనే తమ్ముడికి

తమ్ముడూ,

ఈ ఉత్తరంలో నీ పేరు రాయను, నీ షాపు పేరూ రాయను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా కౌంటర్ వెనక నిలబడే నీకు నా ముఖం గుర్తుండే అవకాశం లేదు. నేను కరీంనగర్‌లో కంప్యూటర్లు బిగించి, బాగుచేసి బతికేవాణ్ణి. నువ్వు అమ్మిన సామాను జేబీఎస్ బస్టాండ్‌లో బస్సెక్కి, 160 కిలోమీటర్లు ఒళ్లో కూర్చుని వచ్చి, నా బల్ల మీద విప్పుకుంటుంది. కౌంటర్ దగ్గర నువ్వన్న మాట నిజమో కాదో తేలేది ఇక్కడే.

ఆ మాట నాకు కంఠతా వచ్చు. “ఈ ప్రాసెసర్ ఈ బోర్డుకు పడుతదా?” అని ఎవరడిగినా, బాక్సు తిప్పి చూడకుండానే “సెట్ అయితదన్నా, తీస్కపో” అంటావు.

మొన్న పెళ్లిళ్ల సీజన్ ముందు మా వీధిలో ఫొటో స్టూడియో నడిపే ఆయన కొత్త సిస్టమ్ కోసం నీ దగ్గరికే వచ్చాడు. ఆల్బమ్ డిజైనింగ్ పాత కంప్యూటర్ మీద నడవడం లేదు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 బోర్డు, చిన్న గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ తెచ్చాడు. సాయంత్రం బిగించాం. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, క్యాబినెట్ లైట్లు వెలిగాయి, డిస్‌ప్లే మాత్రం రాలేదు. బోర్డు అంచున సీపీయూ అని రాసి ఉన్న చోట ఆవగింజంత ఎర్ర లైటు వెలిగి, అలాగే ఉండిపోయింది.

ర్యామ్ మార్చి చూశాను. కార్డు తీసి మళ్లీ పెట్టాను. కూలర్ విప్పి, థర్మల్ పేస్ట్ తుడిచి, ప్రాసెసర్ వెనక్కి తిప్పి, మొబైల్ టార్చి వెలుగులో పిన్నుల వరసలు ఒక్కొక్కటే చూశాను. 1331 పిన్నుల్లో ఒక్కటీ వంగలేదు. ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని, బిల్లు మడత పెడుతూ విప్పుతూ ఉన్నాడు. ఆ బిల్లు కింద నీ షాపు ముద్ర ఉంది: సీల్ విప్పితే రిటర్న్ లేదు.

తప్పు పిన్నుల్లో లేదు. బీ450 బోర్డులు 2018లో వచ్చాయి. 5000 సిరీస్ రైజెన్‌లు 2020 నవంబర్‌లో మొదలయ్యాయి. సాకెట్ ఒకటే, ఏఎం4. కరెంటు రాగానే ప్రాసెసర్‌నూ మెమరీనీ నిద్రలేపే తొలి సూచనలు మాత్రం బోర్డు మీద చిటికెన వేలి గోరంత ఉండే బయోస్ చిప్‌లో ఉంటాయి. నువ్విచ్చిన బోర్డు పాత స్టాకు. అందులోని బయోస్ రాసిన నాటికి ఆ ప్రాసెసర్ పుట్టనే లేదు. ఇక దాన్ని ఎలా గుర్తుపడుతుంది?

తెలిసిన వాళ్ల దగ్గర పాత రైజెన్ 5 2600 ఒకటి అడిగి తెచ్చాను. అది పెట్టగానే డిస్‌ప్లే వచ్చింది. పెన్‌డ్రైవ్‌లోంచి కొత్త బయోస్ ఎక్కించి, మళ్లీ 5600 పెట్టాను, ఆన్ అయింది. బయోస్ ఎక్కడానికి పట్టింది కొన్ని నిమిషాలే. ఆ పాత ప్రాసెసర్ దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఆయన రెండు పెళ్లిళ్ల ఆల్బమ్‌లు వేరే స్టూడియోకు ఇచ్చేశాడు. నా కోపమంతా ఆ నాలుగు రోజుల గురించే.

నువ్వు మోసగాడివని నేను అనడం లేదు. ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుంటే పనిచేస్తుందని నువ్వు నిజంగానే నమ్ముతున్నావు. ఈ నమ్మకాన్ని కంపెనీలే పెంచాయి, వాళ్ల తప్పూ చిన్నది కాదు. ఇంటెల్‌వాళ్ల 1151 సాకెట్ సంగతే చూడు. 2015లో ఆరో తరంతో వచ్చింది, ఏడో తరానికీ అదే నడిచింది. 2017 అక్టోబర్‌లో ఎనిమిదో తరం తెచ్చి, కోర్లు పెంచారు. ఖాళీగా వదిలిన కొన్ని కాంటాక్టులను కరెంటుకూ గ్రౌండుకూ మళ్లించారు. సాకెట్ పేరు మార్చలేదు, కాంటాక్టుల లెక్క మార్చలేదు, గాట్లు కూడా మార్చలేదు. అందుకే ఐ5-8400 తెచ్చి హెచ్110 బోర్డులో పెడితే చక్కగా ఒదిగిపోతుంది, ఆన్ మాత్రం కాదు. దానికి హెచ్310 లాంటి 300 సిరీస్ బోర్డు కావాలి. ఒక్క అంకె తేడా. సెకండ్ హ్యాండ్ బోర్డు కొని, ఈ అంకె దగ్గర డబ్బు పోగొట్టుకున్న పిల్లలను నేను చాలామందిని చూశాను. అందరూ ఒకటే మాట చెప్పారు: “షాపాయన పడుతదన్నడు.”

ర్యామ్ దగ్గర కనీసం గాటైనా కాపాడుతుంది అనుకుంటాం. డీడీఆర్4కూ డీడీఆర్5కూ 288 కాంటాక్టులే, పొడవూ ఒకటే, మధ్య గాటు మాత్రం కొంచెం జరిగి ఉంటుంది. డీడీఆర్5లో వోల్టేజీని సర్దే చిప్ ర్యామ్ మీదే ఉంటుంది, డీడీఆర్4లో ఆ పని బోర్డుది. ఒకదాని చోట ఇంకొకటి పనిచేసే దారే లేదు. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లు రెండు రకాలకూ సరిపోతాయి, బోర్డు మాత్రం మామూలుగా ఏదో ఒక దానికే. ఆ సంగతి చాలా బోర్డుల పేరు చివర డీ4 అనో డీడీఆర్4 అనో చిన్న ముక్కగా ఉంటుంది, అంతే. ఒక బీటెక్ పిల్లాడు డీడీఆర్4 బోర్డుకు డీడీఆర్5 ర్యామ్ తీసుకుపోయి, కూర్చోవడం లేదని రెండు బొటనవేళ్లతో బలంగా నొక్కాడు. స్లాట్ అంచు చిట్లింది. బోర్డు పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు, నోట మాట రాలేదు. వాళ్ల నాన్న ఆర్టీసీలో కండక్టరు.

పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌ను గ్రాఫిక్స్ కార్డు లేకుండా అమ్మొద్దని కూడా చెప్పాలి. ఐ5-12400ఎఫ్ లోపల గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు మీది హెచ్‌డీఎంఐలో వైరు పెడితే బొమ్మ రాదు.

నీ లాభం ఎంత సన్నదో నాకు తెలుసు. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపించి బేరమాడేవాళ్లూ తెలుసు. అయినా ఒక్కటి అడుగుతున్నాను. బిల్లు కొట్టే ముందు బోర్డు కంపెనీ సైట్‌లో ప్రాసెసర్ల పట్టిక తెరువు. ఏ ప్రాసెసర్ ఏ బయోస్ నుంచి పడుతుందో అందులో వరసగా రాసి ఉంటుంది. అదే బీ450 చిప్‌సెట్ ఉన్నా కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి వెర్షన్ మారుతుంది కాబట్టి నోటి లెక్క పనికిరాదు. బోర్డులో పాత బయోస్ ఉంటే అక్కడే ఎక్కించి ఇవ్వు. వెనక ఫ్లాష్ బటన్ ఉన్న బోర్డుకు ప్రాసెసర్ కూడా అక్కర్లేదు, పెన్‌డ్రైవ్, కరెంటు చాలు. తెలియకపోతే “తెలియదన్నా, ఆగు, చూసి చెప్త” అను. ఆ మాటకు ఎవరూ నీ కౌంటర్ వదిలి పక్క షాపుకు పోరు. నీ మాట నమ్మే వాళ్లు అంత దూరం వస్తున్నారు.

స్టూడియో ఆయన తన అల్లుడి కోసం ఇంకో సిస్టమ్ కొనాలని వచ్చే సోమవారం మళ్లీ బస్సెక్కుతున్నాడు. వేరే షాపుకు పొమ్మన్నాను, వినలేదు, నీ దగ్గరే అలవాటట. ఆయన చొక్కా జేబులో నేను రాసిచ్చిన చీటీ ఉంటుంది. బోర్డు పూర్తి పేరు, ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ డీడీఆర్ ఎంత, ఇవి రాశాను. బయోస్ వెర్షన్ ఎదురుగా మాత్రం ఖాళీ వదిలాను. అది నువ్వు చూసి, నీ పెన్నుతో రాసి పంపు.

ఇట్లు,
కరీంనగర్ నుంచి నీ అన్న