బండి కట్టేటప్పుడు వినకూడని మాటలు

“సైడు స్టాండు వేసి గట్టిగా కట్టెయ్యి బావా, ఎక్కడికీ పోదు.” హైదరాబాదు నుంచి విజయవాడకు ఇల్లు మారినప్పుడు, బైకును ట్రాలీలోకి ఎక్కించి కడుతుంటే ఈ మాట విన్నాను. చౌటుప్పల్ దాటేసరికి తాడు వదులై, స్టాండు జారి, బండి డాలా మీద పడింది. ట్యాంకుకు అరచేయంత సొట్ట.

సైడు స్టాండు మీద బండి ఒక పక్కకే వాలి ఉంటుంది. గోతిలో పడ్డప్పుడల్లా షాకబ్జర్లు కుంగి లేస్తాయి, కుంగినప్పుడల్లా తాడు సడలుతుంది. మెయిన్ స్టాండూ అంతే, గట్టిగా బ్రేకు పడితే బండి ముందుకు జరిగి స్టాండు మడుచుకుపోతుంది. అందుకే రెండు స్టాండ్లూ తీసేసి, మొదటి గేరులో పెట్టి, ముందు చక్రాన్ని క్యాబిన్ వెనక గోడకు ఆనించండి. హ్యాండిల్ కింద ఫోర్కులను పట్టి ఉంచే క్లాంపుకు రెండు రాట్చెట్ బెల్టులు తగిలించి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, కాస్త ముందుకూ కిందికీ లాగండి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళ్లకూడదు. అటు కొంచెం, ఇటు కొంచెం బిగించుకుంటూ పోతే బండి తనంతట తాను నిటారుగా నిలబడుతుంది.

“ఫోర్కు మొత్తం కూర్చునేదాకా లాగు” అంటారు. వద్దు. సగం దాకా కుంగితే చాలు. మొత్తం నొక్కేస్తే ఆయిల్ సీళ్ల మీద భారం పడుతుంది, గోతి దెబ్బ నేరుగా బెల్టుల మీదకు వస్తుంది.

“హ్యాండిల్ పిడులకు కట్టు”, “సీటు మీదుగా తాడు వెయ్యి”: రెండూ తప్పే. పిడి తిరుగుతుంది, సీటు స్పాంజి అణుగుతుంది. నైలాన్ తాడు సాగుతుంది, తడిస్తే మరీను. వెనక చక్రం పక్కకు జారకుండా అటూ ఇటూ ఇంకో రెండు బెల్టులు వెయ్యాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఒకటుంది: “తమ్ముడు బండి మీద కూర్చుని పట్టుకుంటాడులే.” దయచేసి ఒప్పుకోకండి. క్లాసిక్ 350 బైకు బరువు 195 కిలోలు. వెళ్తున్న ట్రాలీలో అది ఒరిగితే ఏ మనిషీ ఆపలేడు, పైగా కాలు దాని కిందే ఉంటుంది. బెల్టులు లేకపోతే ప్రయాణం రేపటికి వాయిదా వెయ్యండి.

బయల్దేరిన పదిహేను, ఇరవై కిలోమీటర్లకు ఆగి బెల్టులు చేత్తో లాగి చూడండి. దించేటప్పుడు ఒకరు హ్యాండిల్ పట్టుకున్నాకే ముందు బెల్టులు వదలండి, కుంగిన ఫోర్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది.