కొబ్బరికాయల కొట్టు శాసనం: టీకా తాత్పర్యం

మూలం: చిల్లర ఇచ్చి సహకరించగలరు. పది రూపాయల బిళ్ళ చెల్లదు.

అవతారిక: అమరావతిలో అమరేశ్వరుడి గుడికి పోయే బజారులో, కొబ్బరికాయల కొట్టుకు వేలాడదీసిన అట్టముక్క మీది శాసనమిది. లిపి స్కెచ్ పెన్ను. పది రూపాయల బిళ్ళ బజారుకెక్కింది 2009లో గనుక రచనాకాలం ఆ తరువాతే.

ప్రతిపదార్థం: చిల్లర = ఎప్పుడూ ఎదుటివాడి జేబులోనే ఉండునది; ఇచ్చి = ముందు మీరే ఇచ్చి; సహకరించగలరు = లేకుంటే పక్క కొట్టుకు పోగలరు; పది రూపాయల బిళ్ళ = రెండు లోహాలతో సర్కారు టంకశాల ముద్రించినది; చెల్లదు = దేశమంతా చెల్లును, ఈ గల్లాపెట్టెలో తప్ప.

అన్వయం: రెండో వాక్యంలో చెల్లదన్నదెవరో తెలియదు. అడిగితే కొట్టాయన, "నాకేం అభ్యంతరం లేదండీ, అవతలోళ్ళు తీసుకోట్లేదు" అంటాడు. ఆ అవతలోళ్ళకూ అవతలోళ్ళున్నారు. తార్కికులు దీన్నే అనవస్థాదోషం అన్నారు.

పూర్వపక్షం: రూపాయి గుర్తు లేని బిళ్ళ దొంగది కదా?

సిద్ధాంతం: కాదు. అప్పటిదాకా వచ్చిన పది రూపాయల బిళ్ళ నమూనాలు పద్నాలుగూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై బిళ్ళలు వెయ్యి రూపాయల దాకా చెల్లుబాటు. అర్ధరూపాయికీ పది రూపాయల దాకా ఆ గౌరవం ఉంది. పావలా, అంతకు దిగువవి మాత్రం 2011 జూన్ 30తో సెలవు తీసుకున్నాయి.

పాఠాంతరం: "చిల్లర లేదు, చాక్లెట్ తీసుకోండి" అని కొన్ని కొట్లలో. ఇక్కడ చిల్లర స్థాని, దాని బదులు వచ్చిన చాక్లెట్ ఆదేశం. స్థానికి జరిగే కార్యాలు ఆదేశానికీ జరగాలని వ్యాకరణం. అదే చాక్లెట్‌ను మర్నాడు మనం రూపాయిగా ఇవ్వబోతే కొట్టాయన పాణినిని ఒప్పుకోడు.

విశేషాలు: ఈ ఊరి పాత పేరు ధాన్యకటకం. ఇక్కడ ఏలిన శాతవాహనులు సీసంతో కూడా నాణేలు పోయించారు. రోము పండితుడు ప్లినీ, భారతీయులు రత్నాలూ ముత్యాలూ ఇచ్చి సీసం కొంటారని రాశాడు. పల్నాట్లోనే అగ్నిగుండాల దగ్గర సీసపు ఖనిజం ఉందని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. అదే రోమును తరువాత పోపులు ఏలినప్పుడు, స్కూదో అనే వెండి నాణేనికి నూరు బయోకోలు, బయోకోకు అయిదు క్వత్రినోలు. చిన్నపాటి క్వత్రినో మీద కూడా పోపుగారి వంశచిహ్నం ఉండేది. బిళ్ళ ఎంత చిన్నదైతే, దాని లోహం కంటే దాని మీది ముద్రే అంత బరువు మోయాలి.

తాత్పర్యం: ముద్ర వేయడం ప్రభువు వంతు, పుచ్చుకోవడం ప్రజ వంతు. చట్టం ఎంత గట్టిదైనా, తరువాతివాడు తీసుకుంటాడన్న నమ్మకం లేనిదే బిళ్ళ చేయి మారదు. అవతలోళ్ళ గొలుసు తెగేది గుడి హుండీ దగ్గరే. అది ఏ బిళ్ళనూ చెల్లదనదు, చిల్లరా తిరిగివ్వదు.