మిస్ కొట్టే బండిని బాగుపడనివ్వకుండా కాపాడుకోవడం ఎలా

మీ కారు మిస్ కొడుతోందా? పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు బుద్ధిగా ఉండి, జంగ్లీఘాట్ నుంచి పైకి ఎక్కేటప్పుడు ఎక్కిళ్లు పెడుతోందా? కంగారు పడకండి. జాగ్రత్తగా చూసుకుంటే ఈ జబ్బును ఏళ్ల తరబడి నిలబెట్టుకోవచ్చు. ఇంట్లోనే, సొంత చేతుల్తో, నేను ఏడు నెలలు నిలబెట్టాను. ఈలోగా పోర్ట్ బ్లెయిర్ పేరు మారి శ్రీ విజయపురం అయింది. నా బండి దగ్గు మాత్రం మారలేదు.

అన్నింటికన్నా ముందు ఒక నియమం: బానెట్ ఎత్తకండి. ఎత్తితే ఏదో ఒకటి కనబడుతుంది, కనబడితే పని అయిపోతుంది. దానికి బదులు మెయిన్‌లాండ్‌కి ఫోన్ చేయండి. అండమాన్ దీవుల్లో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి శ్రీకాకుళం వైపో విశాఖ వైపో ఒక బావ ఉంటాడు. మా బావ గాజువాకలో ఉంటాడు, బండిని చూడకుండానే జబ్బు చెప్పగలడు.

"ఏటి బావా, ఇంకా దగ్గుతోందా? ఎథనాలే, ఇంకేటి! పెట్రోల్లో నీళ్లు కలిపేసినట్టే అది."

2019లో ఎథనాల్ పెట్రోలును దేశమంతా విస్తరించినప్పుడు అండమాన్ నికోబార్‌ని, లక్షద్వీప్‌ని మినహాయించారని బావకి చెప్పకండి. పెద్దవాడు, నొచ్చుకుంటాడు. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి మళ్లీ నింపండి. నేను రెండుసార్లు నింపాను.

ఇక మీటరు దగ్గర వెలిగే ఆ పసుప్పచ్చ ఇంజన్ బొమ్మ. ఊరికే వెలిగి ఉంటే ఫరవాలేదు, కన్ను కొడుతూ ఉంటే మాత్రం చాలా బళ్లలో దానికి అర్థం వేరు. మండని పెట్రోలు పచ్చిగానే బయటికి పోతోందనీ, దారిలో ఉన్న కేటలిటిక్ కన్వర్టర్ని కాల్చేస్తోందనీ, ఇంక తోలొద్దనీ. ఇంత గొడవ వినే ఓపిక ఎవరికుంది? చిన్న నల్ల టేపు ముక్క చాలు. నాది ఇప్పటికీ అంటుకునే ఉంది, మంచి టేపు.

పక్కింటి కుర్రాడి దగ్గర ఫోనుకి కలిపే చిన్న స్కానరు ఉంది. స్టీరింగ్ కింద సాకెట్లో గుచ్చి చూశాడు. "అంకుల్, పి0303 వచ్చింది" అన్నాడు. పి0300 అని వస్తే మిస్ ఏ సిలిండర్లో అన్నది తేలలేదని అర్థం. చివర సున్నా కాక వేరే అంకె ఉంటే అదే సిలిండరు నంబరు. నాది మూడు సిలిండర్ల బండి, తప్పు మూడోదానిదని పేరు పెట్టి మరీ చెప్పేసింది. మన పరిశోధనకి ఇంత పెద్ద అవమానం ఇంకోటి లేదు. వెంటనే కోడ్ చెరిపేయించాను. కుర్రాడు ఇంకో మాట కూడా అన్నాడు. ఇంజన్ ఆపేసి, మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో పెట్టి, ఒకటో దాన్ని మూడో దాంట్లో పెట్టి, మళ్లీ స్టార్ట్ చేసి చూద్దామని. కోడ్ పి0301గా మారితే కాయిల్‌దే తప్పు, మారకపోతే ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అందుకే నమ్మలేదు.

నమ్మదగినది సామాను. అన్నీ ఒకేసారి తెప్పించండి. మూడు ప్లగ్గులు, మూడు కాయిళ్లు, ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు, చేతికి దొరికిన సెన్సర్లు. చెన్నై నుంచో విశాఖ నుంచో మనకి ఎటు చూసినా పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు సముద్రమే కదా, షిప్పు దాదాపు మూడు రోజులు తీసుకుంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే ఆ లెక్కా ఉండదు. కాబట్టి పార్ట్ నంబరు రాయకుండా ఆర్డరివ్వడం ముఖ్యం. అప్పుడు వచ్చింది సరిపోదు, తిప్పి పంపాలి, మళ్లీ ఎదురు చూడాలి. ఈ పద్ధతిలో ఒక్క ప్లగ్గుతో అనాయాసంగా వానాకాలం గడిచిపోతుంది.

ప్లగ్గులు మీరే మార్చదలిస్తే ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడే విప్పండి. హెడ్డు అల్యూమినియం, వేడి మీద మరలు ఊడి చేతికొచ్చే అవకాశం ఎక్కువ. ప్లగ్గు గుంటలోని ఇసుకను ఊదకండి, నేరుగా సిలిండర్లో పడనివ్వండి. గ్యాప్ కొలవడం దేనికి, కంపెనీవాడు కొలిచే ఉంటాడు. సన్నమొన ఇరిడియం ప్లగ్గయితే గరుకు కాయితంతో బాగా రుద్దండి, ఆ మొన కోసమే మీరు డబ్బు పెట్టారు మరి. బిగించేటప్పుడు టార్క్ రెంచి అడిగేవాళ్లని దగ్గరికి రానివ్వకండి. పైపు తొడిగి, కాలు బంపరుకి తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పండి.

ఏం చేసినా తగ్గకపోతే ఇంజన్‌కి స్నానం. ఈ ఊళ్లో ఏడాదికి దాదాపు మూడు మీటర్ల వాన, మే నెలలో మొదలైతే డిసెంబరు దాకా ఏదో ఒక రూపంలో పడుతూనే ఉంటుంది. గాలిలో ఉప్పు వేరే. గోడకి కొట్టిన మేకు తుప్పు పట్టిపోతుంది, పెట్టెలో చీర జరీ నల్లబడుతుంది. అయినా తడి చాలలేదని నేను పైపు పెట్టి కొట్టాను. ఆ రోజు మూడు సిలిండర్లూ మిస్ కొట్టాయి. ఎక్కడో కదిలింది, దారిలో పడ్డాం అనుకున్నాను.

బండి ఎంత దిటవుగా ఉందో తేల్చుకోవడానికి బారాటాంగ్ దారి మంచిది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబెట్టి కాన్వాయ్‌గా వదులుతారు. జారవా తెగవాళ్ల అడవి కాబట్టి మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా యాభై కిలోమీటర్ల మేర ఆగకూడదు, ఒకర్నొకరు దాటకూడదు, ఫోటోలు తీయకూడదు. మూడింట రెండు సిలిండర్లతో, వెనక బస్సు హారన్ మధ్య, రెండో గేరులో నడిపితే భక్తి దానంతటదే కుదురుతుంది. మా ఆవిడ ఆ యాభై కిలోమీటర్లూ నాతో మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలోనూ లేదు.

చివరికి నా తప్పు వల్లే పని చెడింది. ఒక ఆదివారం కిందపడ్డ పదో నంబరు స్పానరు వెతుక్కుంటూ మూడో కాయిల్ పట్టుకుని లేచాను, అది ఊడి చేతికొచ్చింది. రబ్బరు గొట్టం మీద వెంట్రుకంత చీలిక. దాని కింద ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు పైనుంచి కిందకి సన్నటి నల్లగీత. కనెక్టరు పిన్నుల మీద రాగిచెంబుకి పట్టినట్టు పచ్చటి చిలుము. గుంట అడుగున చెంచాడు నీళ్లు, నాలిక మీద వేసుకోలేదు గానీ ఉప్పుగానే ఉండి ఉంటాయి.

కాయిల్ ఇచ్చే కరెంటు ఇరవై వేల వోల్టుల పైమాటే. ప్లగ్గు మొన దగ్గర మిల్లీమీటరు సందు దూకడం కన్నా, తడిసిన చీలికలోంచి పక్కనున్న లోహంలోకి జారిపోవడం దానికి తేలిక. బరువు పడ్డప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరిగి ఆ సందు దూకడం ఇంకా కష్టమవుతుంది. అందుకే ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కిళ్లు, చదునులో కొంచెం నయం. నీళ్లు గుడ్డతో అద్ది తీసి, చిలుము గీకి, రబ్బరు గొట్టమూ ప్లగ్గూ మార్చాను. మొత్తం ఖర్చు మొదటిసారి ట్యాంకు నింపిన డబ్బులో సగం లేదు. బావకి ఫోన్ చేస్తే, "నే చెప్పలేదూ, నీళ్లేనని!" అన్నాడు.

అయినా ఆశ వదులుకోనక్కర్లేదు. మూడో గుంటలోకే నీళ్లెందుకొచ్చాయో చూస్తే, అద్దం కింద వైపర్ల దగ్గర వాననీళ్లు పోయే కన్నం ఆకులతో పూడిపోయి ఉంది. అక్కడ నిండిన నీళ్లు పొర్లి నేరుగా కాయిల్ నెత్తిన బొట్టుబొట్టుగా పడుతున్నాయి. ఆకులు మా ఇంటి ముందు పడౌక్ చెట్టువి. ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది, ఆ వెంటనే వానలు. కన్నం శుభ్రం చేయకండి. బండిని కూడా అక్కడే పెట్టండి, నీడ చల్లగా ఉంటుంది.