సెంటున్నర

మా రోజుల్లో ఇల్లు వేసుకోవాలంటే ముందు గెడ్డ ఎటు పొంగుతుందో పెద్దల్ని అడిగేవాళ్లం. ఇప్పుడు ఆ జాగా ఏ జోనులో ఉందో కంప్యూటర్ని అడుగుతున్నారు. జోను సంగతి గెడ్డకెవరు చెప్పాలి?

నేను పుట్టింది చోడవరం పక్క పల్లెలో, తాటికమ్మల చుట్టింట్లో. అప్పట్లో మాది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్లో కూర్చున్నచోటు నుంచి కదలకుండానే అనకాపల్లి జిల్లావాళ్లమైపోయాం, అది వేరే గోల. గుండ్రటి మట్టిగోడ, నడుం వంచితే గానీ దూరలేనంత కిందికి దిగిన చూరు. తుఫాను గాలి దాన్ని చుట్టి తన దారిన తాను పోయేది. ప్లానా, అప్రూవలా? గ్రామకంఠం జాగా, కరణం గారి నోటిమాటే దస్తావేజు. ఆ మాట కోసం మా నాన్న ఎన్ని బెల్లం దిమ్మలు మోశాడో నాకు తెలుసు గనక, 1984లో కరణాల్ని తీసేస్తే మాత్రం నేను గొణగలేదు.

తర్వాత చట్టాలొచ్చాయి. పొలాన్ని ఇళ్లకి వాడుకోవాలంటే రుసుము కట్టి మార్పించుకోవాలని 2006లో ఒకటి తెచ్చారు. అందరూ దాన్ని 'నాలా' అంటుంటే మురుక్కాలవ గురించనుకుని, మా వీధి కాలవ కూడా తీయించమని పంచాయతీకి పోయి అడిగాను. వాళ్లు నవ్వారు. కాలవ అలాగే ఉంది. 2025లో ఆ చట్టాన్నే రద్దుచేసి, దాని బదులు అభివృద్ధి రుసుమన్నారు. పేరు మారినా చలానా మాత్రం తప్పలేదు.

ఒక్క జీవో నాకు నచ్చింది. ప్రైవేటు లేఅవుట్లలో 5 శాతం జాగా పేదల ఇళ్లకివ్వాలని 2021 డిసెంబరులో తెచ్చినది. ఉన్నవాడి పక్కనే లేనివాడి గుమ్మం, ఇది కదా ఊరంటే అనుకున్నాను. మొత్తం చదివితే తేలిందేమిటంటే, అక్కడే ఇవ్వక్కర్లేదు, మరోచోట ఇచ్చినా సరే, సొమ్ము కట్టినా సరే.

ఈ మాట మా మనవడి దగ్గర అంటే వాడు ఊరుకోలేదు. "మీ రోజుల్లో మాత్రం పక్కపక్కనే ఉన్నారేంటి తాతా? మెరకంతా మనది, పల్లం వాళ్లది. గెడ్డ పొంగితే ముందెవరి పాక మునిగేది?" అన్నాడు. చేతికర్ర ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నట్టు నటించాను. వాడన్నది నిజమే. ఆ హద్దు కోసం ఏ పెద్దమనిషీ కాగితం మీద గీత గియ్యలేదు, గియ్యాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మా చెరకు నరకడానికి వచ్చే ఒకామెకి ఆ మధ్య పట్టా వచ్చింది. 2020 డిసెంబరులో మొదలైన పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. సెంటంటే 48 గజాల పైచిలుకు, ఆ లెక్కన ఆమెకి దక్కింది 72 గజాలు. మా చుట్టింటి వాకిలే అంతకన్నా పెద్దది. ఇప్పుడొచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్నాల్లో రెండు అంటోంది. మంచిదే. కానీ ఈమె ఇల్లు శ్లాబు వరకూ లేచిపోయిందిగా, దాన్నిప్పుడు పక్కకి సాగదీస్తారా?

మొన్న సంక్రాంతి ముందు అటుగా వెళ్తే ఆమె ఇంటి దగ్గర లేదు. రోడ్డుకి అవతల చెరకుతోట కొట్టేసి వేసిన లేఅవుట్లో కనబడింది. నల్లటి తారురోడ్లు, రంగురాళ్లు, పార్కు అని రాసిన బోర్డు, బోర్డు కింద పల్లేరుకాయలు. ఇల్లు ఒక్కటీ లేదు. ప్లాట్లన్నీ అమ్ముడైపోయాయట, కొన్నవాళ్లు ధర పెరగాలని చూస్తున్నారట. ఆ తారు మీద ఈ చివర నుంచి ఆ చివరకి ధాన్యం ఎండబోసి, కాలితో సాళ్లు తీస్తూ తిరుగుతోంది ఆమె.

"ఇక్కడేటే?" అన్నాను.

"ఇంటికాడ చాప పరిసీ జాగా నేదు బాబూ. రోడ్లేసీసినారు, మనిసన్నోడు రాడు. మాకిదే కళ్లం," అంది.

ఇంతలో వాచ్‌మన్ ఈల ఊదుకుంటూ వచ్చాడు. ఆమె వాడివైపు చూడను కూడా చూడలేదు.